పిడికి మంచి నూనె

కత్తులు చేసేచోట పదకొండేళ్ళు పనిచేశాను. ఒక్క కత్తి కూడా చెయ్యలేదు. నేను చేసినవన్నీ పిడులు. ఉక్కు కాల్చేవాడు వేరు, పదును పెట్టేవాడు వేరు. మనిషి చేతికి తగిలే ఆ నాలుగున్నర అంగుళాల ముక్క మాత్రం నాది. చుట్టాల పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తున్నావోయ్?" అని అడిగితే "కత్తులకు పిడులు వేస్తున్నాను" అనేవాణ్ణి. వాళ్ళు ఓసారి నా మొహం, ఓసారి నా చేతులు చూసి, పెరుగు ఇటువైపు ఇంకా రాలేదేమిటని మాట మార్చేవారు. మా ఆవిడ తెలివైనది. "ప్రైవేటు కంపెనీ అండీ" అని ఊరుకునేది.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈమధ్య చదువుకున్న పిల్లలు ఈ పనిలోకి వస్తున్నారు. వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. నా నంబరు ఎలాగో సంపాదించి, ఏ చెక్క మంచిది, ఏ నూనె రాయాలి అని అడుగుతున్నారు. చెక్క గురించి అడిగితే పది నిమిషాల్లో చెప్పేస్తాను. నూనె గురించి అడిగితే మాత్రం ఇదంతా వినాలి. నా ఉద్యోగంలో నా పరువు పోయింది నూనె దగ్గరే.

మా షెడ్డు మామిడిపల్లి రోడ్డు మీద ఉండేది. రేకుల కప్పు. దానిమీదుగా విమానాలు చక్రాలు కిందికి దించుకుని శంషాబాద్ వైపు దిగుతుండేవి. చేతిసంచిలో పెట్టుకుని విమానం ఎక్కనివ్వని వస్తువును, సరిగ్గా విమానాశ్రయం పక్కన కూర్చుని తయారుచేయాలన్న ఆలోచన మా ఓనరుది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చిన కుర్రాడు, మా కోస్తా వైపు వాళ్ళబ్బాయే, నన్ను "మాస్టారూ" అని పిలిచేవాడు. ఒకాయన ఎయిర్‌పోర్టుకు వెళ్తూ దారిలో ఆగి, ముచ్చటపడి చేయించుకున్న కత్తిని బ్యాగులో వేసుకుని వెళ్ళాడు. గంటలో ఫోన్ వచ్చింది, "లాగేసుకున్నారండీ" అని. అప్పటినుంచి ప్రతి డబ్బా మీదా 'పెద్ద లగేజీలో మాత్రమే' అని నేనే స్కెచ్ పెన్నుతో రాసేవాణ్ణి.

అంతకుముందు ఇరవై ఏళ్ళపైన కాటేదాన్‌లో ఒక పోత ఇనుము ఫ్యాక్టరీలో చేశాను. ఇనప సామాను పోతపొయ్యాలంటే ముందు అచ్చం అలాంటిదే చెక్కతో చెయ్యాలి. ఆ చెక్క నమూనాలు చేసేవాణ్ణి. అది మూతపడ్డాక ఇక్కడికి వచ్చాను. మైలార్‌దేవ్‌పల్లిలో ఇల్లు, ఆరాంఘర్‌లో బస్సు మారడం, సాయంత్రానికి ముక్కులో చెక్కపొట్టు. కొలతలో నేను తప్పేవాణ్ణి కాను. నా జబ్బు వేరే. మెరుపు పిచ్చి. పిడిని ఎనభై నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి, రెండు వేల నంబరు దాకా రుద్ది, పైన నూనె పట్టించి, బఫింగు చక్రం మీద పెట్టి, అందులో నా మీసం కనపడేదాకా వదిలేవాణ్ణి కాదు. మా ఓనరు ఫొటో తీసి పెడితే జనం ఆహా ఓహో అనేవారు. ఆ ఫొటోలు చూసుకుని నేనూ ఉబ్బిపోయేవాణ్ణి. దాచడం ఎందుకు?

పిడికి ఏం వాడొచ్చు అన్నదానికి అంతు లేదు. బర్రెకొమ్ము, ఒంటె ఎముక, రంగు రంగుల రాళ్ళలా కనిపించే ప్లాస్టిక్ పలకలు, జిట్రేగి, టేకు, చింతచేవ. జింక కొమ్ము కావాలని వచ్చేవాళ్ళు నెలకొకరు ఉండేవారు. అది నేరమని, జైల్లో కూరగాయలు కోసే పని ఉంటుందేమో గానీ సొంత కత్తి తీసుకెళ్ళనివ్వరని చెప్పి పంపేవాణ్ణి.

నూనె సంగతి ఇక్కడ చెప్పాలి. చెక్కకు పట్టించేది అవిసె నూనె. అది గాలి తగిలితే మెల్లగా గట్టిపడి చెక్కలోనే ఉండిపోతుంది. వంటనూనెలు గట్టిపడవు, ఎన్నాళ్ళైనా జిడ్డుగానే ఉంటాయి. మా అలమరలో అవిసె నూనె డబ్బాలు రెండు. ఒకటి పచ్చిది, ఆరడానికి వారాలు పడుతుంది. రెండోది కాచింది, ఒక రోజులో ఆరుతుంది. ఈ కాచినదాన్ని నేను 'మంచి నూనె' అనేవాణ్ణి. నాకు ముందునుంచి సాయం చేసే మనిషికి ఆ మాట అలవాటే. అతను మానేశాక, రుద్దడానికీ నూనె పట్టించడానికీ మామిడిపల్లి నుంచే ఒకావిడ చేరింది. నలభై దాటిన మనిషి, వాళ్ళది వ్యవసాయ కుటుంబం. షెడ్డులో అందరూ ఆమెను అక్క అనేవారు. నేనూ అక్కే అనేవాణ్ణి, ఆమెకంటే పదిహేనేళ్ళు పెద్దవాణ్ణయినా. పని ఒకసారి చూపిస్తే చాలు, రెండోసారి చెప్పించుకునేది కాదు. చేరి నెల అయింది.

అలాంటప్పుడు ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇంకొకావిడ లోపలికి వచ్చింది. ఆమె చేతిలో పాత వంటకత్తి, పిడికి ట్యూబు రబ్బరు చుట్టి ఉంది.

"అన్నా, దీనికి పిడి మార్చి ఇస్తరా?" అంది.

కత్తి కంటే ముందు నేను ఆమె చెయ్యి చూశాను. కుడిచేతికి చూపుడువేలు మొదలంటా లేదు, నడిమివేలు సగమే ఉంది. గడ్డి కోసే మిషన్‌లో పోయాయని ఆమే చెప్పింది, పోయిన బస్సు గురించి చెప్పినట్టు మామూలుగా. ఫంక్షన్ హాళ్ళలో కూరగాయలు కోస్తుందట. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఒక హోటల్‌లో పర్మనెంటు పని ఉందని తెలిసి పోతే, పెద్ద వంటాయన ఎదురుగా నిలబెట్టి ఉల్లిగడ్డలు కోయమన్నాడట. తడి చేతిలోంచి కత్తి రెండుసార్లు జారి కిందపడింది.

"పాదం మీద పడితె ఎవరు జిమ్మేదారు అన్నడు. ఒక్క మోక ఇయ్యమని బతిలాడిన. వచ్చే శుక్రారం రమ్మన్నడు. గప్పుడు గూడ జారితె ఇగ అంతే అన్నా."

మా ఓనరు ఆమె తెచ్చిన కత్తి చూసి పెదవి విరిచాడు. లోపలికి వెళ్ళి, మడమ దగ్గర, అంటే అంచు వెనక కొసన, చిన్న గీత పడిందని పక్కన పెట్టేసిన కొత్త కత్తి రేకు ఒకటి తెచ్చాడు. "మాస్టారూ, దీనికి ఆవిడ చేతికి సరిపోయేలా పిడి చేసిపెట్టండి. ఇది ఎలాగూ అమ్మేది కాదు" అన్నాడు.

అక్కడిదాకా అందరూ మంచివాళ్ళమే.

మరునాడు ఆమెను పిలిచి, చేతిలో బంకమట్టి ముద్ద పెట్టి గట్టిగా పట్టుకోమన్నాను. లేని వేలు దగ్గర మట్టి ఉబ్బింది, బొటనవేలు దగ్గర లోతుగా దిగింది. ఆ ముద్దను చూసి పిడి చెక్కడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఎత్తుకు ఎత్తు, పల్లానికి పల్లం దించాను. "ఏ రంగు చెక్క కావాలమ్మా?" అని అడిగాను.

"రంగు నాకెందుకన్నా, జారకుంటె చాలు. మా కొడవలికి తుమ్మకట్టె పిడి ఉంటుండె. చెమట చేతికి గూడ జారకపోతుండె" అంది.

తుమ్మ గట్టిదే, కానీ చూడ్డానికేముంది? నేను దిరిసెన చెక్క తీశాను. కాటేదాన్ కలప అడితిలో పాత గుమ్మంలోంచి కోయించి తెచ్చుకున్న ముక్క, ముదురు గోధుమరంగు మీద బంగారు చారలు. దీన్ని రుద్ది రుద్ది అద్దం చేసి ఇస్తే ఆ హోటల్ వంటాయన నోరు తెరుచుకుని చూడాలని నా ఆశ. ఆమె జారకూడదు అంది. నేను మెరవాలి అని విన్నాను. ఈ మాట ఇప్పుడు చెబుతున్నాను గానీ, అప్పుడు నాకు తట్టనే లేదు.

రెండు పలకలు పిడిలో ఉండే కత్తి తోకకు అటూ ఇటూ జిగురుతో అతికించి, ఇత్తడి మేకులు దింపి, సోమవారానికి ఆకారం తెచ్చాను. రెండు వేల నంబరు దాకా రుద్దేశాను. మంగళ, బుధవారాలు నాకు సెలవు, మా ఆవిడకు కంటి ఆపరేషన్. మంగళవారం పొద్దున్నే షెడ్డుకు వచ్చి, అక్క చేతిలో పిడి పెట్టి, "ఇవాళ ఒకసారి, రేపొకసారి మంచి నూనె పట్టించమ్మా, పలచగా. గురువారం వచ్చి మెరుగు పెడతాను" అన్నాను. బస్సు పోతుందని పరుగెత్తాను.

గురువారం వచ్చేసరికి పిడి నా బల్ల మీద పాత గుడ్డలో చుట్టి ఉంది. గుడ్డ విప్పగానే బోండాల బండి దగ్గర నిలబడ్డట్టు అనిపించింది. ముట్టుకున్నాను. వేళ్ళు అతుక్కున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పల్లీ నూనె. సందేహం లేదు.

"ఏం రాశావమ్మా దీనికి?"

"మంచినూనెనే సారు. మీరు జెప్పిన్రు గద."

"ఏ డబ్బాలోది?"

"డబ్బల ఏడున్నది సారు? ఈడ అన్నీ పేంట్ వాసనొచ్చే నూనెలే ఉన్నయి. వంటకత్తి గద, గవి ఎట్ల రాస్త? ఇంటికాడికెళ్ళి తెచ్చిన. మొన్ననే గానుగ పట్టించినం. రెండుసార్లన్నరు గని కట్టె తాగుతనే ఉన్నది, నాలుగుసార్లు రాసిన."

చెప్పి, మెప్పు కోసం నా మొహం చూసింది. ఇక్కడివాళ్ళకు మంచినూనె అంటే వంటనూనె. మా ఇంట్లో మంచినూనె అంటే నువ్వుల నూనె. ఎక్కడా, ఏ ఊళ్ళోనూ, ఎవరికీ మంచినూనె అంటే కాచిన అవిసె నూనె కాదు, నా ఒక్కడికి తప్ప. డబ్బా మీద పేరు రాసి ఉంటే అయిపోయేది. ఎయిర్‌పోర్టుకు వెళ్ళే డబ్బాల మీదైతే రాశాను.

ఇదంతా ఆ క్షణంలో ఆలోచించానని అనుకోకండి. ఆ క్షణంలో నేను అరిచాను. రేపు పొద్దున ఆ మనిషి ఉద్యోగం పోతే ఎవరిది పాపం అన్నాను. బుర్ర ఉందా అన్నాను. ఓనరు బయటికి వచ్చి "ఏమైంది మాస్టారూ?" అంటే, "కొత్తమనిషండీ, పాడుచేసి పెట్టింది" అన్నాను. అక్క వింటూనే ఉంది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నేను ఏం చెప్పానో నాకెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. అయినా చెప్పలేదు. సిగ్గుపడాల్సింది నేను. ఆ సిగ్గు అప్పుడు రాలేదు.

కొత్త పిడి చేద్దామా అంటే జిగురు ఆరడానికే ఒక రోజు కావాలి. రేపు ఏడింటికి కత్తి కోసం ఆవిడ వస్తుంది. థిన్నర్‌తో తుడిచాను, జిడ్డు పోయినట్టే పోయి పది నిమిషాల్లో మళ్ళీ చెమటలా పైకి వచ్చింది. రెండు వేల నంబరు కాగితం పెడితే జిడ్డుకు మూసుకుపోయింది. చివరికి ఏ కాగితంతో మొదలుపెట్టానో ఆ ఎనభై నంబరు కాగితమే పట్టుకుని పైపొర మొత్తం గీకేశాను. నేను సోమవారం చేసిన అందమంతా పొట్టయి నా చెప్పుల మీద పడింది. అయినా లోపలి నూనె ఊరుతూనే ఉంది.

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ అక్క బయటికి వెళ్ళింది. కోపమొచ్చి ఇంటికి వెళ్ళిపోయిందనుకున్నాను. కాసేపటికి పక్క కిరాణా కొట్టునుంచి శెనగపిండి పొట్లంతో వచ్చింది.

"నూనెను పిండి గుంజుకుంటది సారు. ఇంట్ల గచ్చు మీద నూనె పడితె గట్లనే చేస్తం" అంది.

నాకు వేరే దారి లేదు. పిడికి పిండి మెత్తి రేకు మీద ఎండలో పెట్టాం. పల్లీ నూనె ఉంది, శెనగపిండి ఉంది, పచ్చిమిరపకాయ ఒక్కటే తక్కువ. మా ఓనరు అటు వెళ్తూ చూసి లోపలికి వెళ్ళిపోయాడు. పిండి పసుపుపచ్చగా తడిసిపోయింది. దులిపి మళ్ళీ మెత్తాం. మూడుసార్లు. సాయంత్రానికి సబ్బుతో కడిగి ఆరబెడితే జిడ్డు పోయింది. చేతికి అంటడం లేదు. కానీ పిడి చూడబోతే బంగారు చారల జాడ లేదు. పాలిపోయి, గరుగ్గా, చెక్కలోని సన్నటి గుంటలన్నీ తెరుచుకుని ఉన్నాయి. నా చేతిలోంచి అంత వికారమైన పిడి ఎప్పుడూ బయటికి పోలేదు.

నా దగ్గర స్ప్రే డబ్బా ఒకటి ఉంది, గ్లాసులా మెరిసే వార్నిష్. రెండుసార్లు కొడితే రేపటికి ధగధగలాడుతుంది. నూనె తాగిన చెక్క మీద అది నెలరోజుల్లో పెచ్చులూడిపోతుంది, నాకు తెలుసు. అయినా రేపటికి పరువు దక్కుతుంది కదా అనుకున్నాను. డబ్బా తీసి ఊపాను. లోపల గోళీ టకటకమంది.

"వద్దు సారు" అంది అక్క.

"ఏం వద్దు?"

"ఆమె జారొద్దన్నది గద."

నేను డబ్బా ఊపడం ఆపాను. వారం రోజుల్లో ఆ మాట ఆ షెడ్డులో రెండోసారి వినపడింది. ఈసారి విన్నాను. బకెట్‌లో చెయ్యి ముంచి తడి చేత్తో నేనే పిడి పట్టుకుని విదిలించి చూశాను. కదల్లేదు. అలమరలోంచి నేను మెరుగుపెట్టిన కత్తి, నా మీసం కనపడేది, ఒకటి తీసి అదే తడి చేత్తో పట్టుకున్నాను. అరచేతిలో చేపపిల్లలా తిరిగింది. ఏడేళ్ళుగా అలాంటివి చేసి పంపుతున్నాను. కొన్నవాళ్ళలో చాలామంది గోడకు తగిలించుకుంటారు కాబట్టి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. స్ప్రే డబ్బా లోపల పెట్టేశాను.

శుక్రవారం ఏడు కాకముందే ఆమె వచ్చింది. పిడి ఇస్తూ నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఆమె దాన్ని చూడను కూడా చూడలేదు. కళ్ళు ఎటో పెట్టి చేత్తో పట్టుకుంది. ఉన్న వేళ్ళు మూడున్నర ఎక్కడివక్కడ కూర్చున్నాయి. కుళాయి కింద చెయ్యి తడుపుకుని మళ్ళీ పట్టుకుని, గాలిలో నాలుగుసార్లు కోసింది.

"వస్త అన్నా" అని వెళ్ళిపోయింది. బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు.

ఆ రోజు నేను చేసిన పని ఏదీ గుర్తులేదు. ఒకే చెక్కను రెండుసార్లు కొలిచి రెండుసార్లూ వేరువేరుగా రాసుకున్నాను. అక్క తన పని తను చేసుకుంటూ, ఆటో చప్పుడైతే మాత్రం తలెత్తి చూసేది.

నాలుగింటికి ఆమె వచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టకముందే ఉల్లిపాయ వాసన వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్లికా, ఏడ్చిందా అని చేతిలో పని పక్కన పెట్టి లేచాను.

"ఇరవై కిలోలన్నా," అంది. "ఇరవై కిలోల ఉల్లిగడ్డ కోయించిండు. మధ్యల రెండుసార్లు వచ్చి నా చెయ్యి మీద నీళ్ళు చల్లి చూసిండు. ఒక్కసారి గూడ జారలే. రేపటికెళ్ళి డ్యూటీకి రమ్మన్నడు."

అక్క చప్పట్లు కొట్టింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లి వాసన బాగా ఘాటుగా ఉందని కళ్ళు తుడుచుకున్నాను. అది నిజం కాదని వాళ్ళిద్దరికీ తెలుసు.

వెళ్ళబోతూ ఆమె అడిగింది: "ఈ పిడి పాడు గాకుంట ఏమన్న రాయాలా అన్నా?"

పెద్ద పనివాణ్ణి కదా, ఇన్నేళ్ళ అలవాటు, నోరు దానంతటదే చెప్పేసింది: "వారానికోసారి కాస్త మంచి నూనె పట్టించమ్మా."

సరేనని వెళ్ళిపోయింది. ఏమన్నానో నాకు తెలియలేదు. అక్క నావైపు ఒక చూపు చూసింది. అది మెచ్చుకోలు అనుకున్నాను.

నాలుగేళ్ళు గడిచాయి. నేను రిటైరయ్యే నెలలో ఆమె మళ్ళీ వచ్చింది, కత్తికి పదును పెట్టించుకోవడానికి. తెల్ల కోటు వేసుకుని ఉంది, తన కింద ముగ్గురు పనిచేస్తున్నారట. కత్తి తీసుకుని పిడి చూశాను. నల్లగా నిగనిగలాడుతోంది. ఆ గరుకంతా ఆమె చేతికి తగ్గట్టు అరిగి, బొటనవేలు పెట్టేచోట నేను చెక్కినదానికంటే బాగా దిగింది. బంగారు చారలు ఒక్కొక్కటీ లోపలినుంచి కనిపిస్తున్నాయి. జిడ్డు లేదు, కంపు లేదు. తడి చేత్తో పట్టుకున్నాను. జారలేదు. నేను చక్రం మీద పెట్టి ఎన్నేళ్ళు రుద్దినా ఈ రంగు తేలేకపోయాను. అసూయ కలిగింది, నిజం చెబుతున్నాను.

"ఏం రాస్తున్నావమ్మా దీనికి?" అని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "మీరు జెప్పిందే గదన్నా, రాసి పొడిగుడ్డతోటి తుడుస్త. మంచినూనె. పల్లీలది."

వెనక రుద్దుడు చప్పుడు ఆగింది. "సారు జెప్పంగ నేను గూడ గదే ఇన్న" అంది అక్క.

షెడ్డు మీదుగా విమానం ఒకటి పోయింది. ఆ చప్పుడు తగ్గాక అక్కవైపు తిరిగి, కత్తి తెచ్చినావిడ ఎదురుగానే, ఓనరు కూడా వినేట్టు గట్టిగా, "ఆ రోజు తప్పు నాదేనమ్మా. నువ్వు నేను చెప్పిందే చేశావు" అన్నాను.

ఓనరు కంప్యూటర్ మీంచి తలెత్తి "ఏ రోజు మాస్టారూ?" అన్నాడు. అతనికి గుర్తే లేదు.

అక్క ఏ రోజని అడగలేదు. "నాలుగేండ్లయింది సారు," అంది. "మీరు అంటరనే చూస్తున్న."